క్లాస్ డి అంటే డిజిటల్ కాదు మహాప్రభో!

ఆర్నెల్లుగా ఒక మంచి ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ కోసం డబ్బులు దాస్తున్నాను. మొన్న ఒక షాపుకెళ్తే సేల్స్ కుర్రాడు "క్లాస్ ఏ తీసుకోండి సార్, అదే బెస్టు. డి అంటే డిజిటల్, సౌండ్ బాగోదు" అన్నాడు. నాలుగేళ్ళు ఈసీఈ చదివి జావాకి అమ్ముడుపోయిన నాకు కూడా మనసు చివుక్కుమంది. ఈ అక్షరాలు పరీక్షల్లో ఇచ్చే గ్రేడ్లు కావండీ. వాటి వెనక పెద్ద కథే ఉంది.

క్లాస్ ఏలో పాట ఉన్నా లేకపోయినా కరెంటు పారుతూనే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజన్ ఆపని ఆటోలాగా. సామర్థ్యం సిద్ధాంతం ప్రకారమే 50 శాతం దాటదు. క్లాస్ బిలో పని ఇద్దరు పంచుకుంటారు, పైసగం ఒకరిది, కిందిసగం ఇంకొకరిది. సామర్థ్యం 78.5 శాతం దాకా వెళ్తుంది. కానీ ఒకే రోట్లో రెండు రోకళ్ళు వేసేటప్పుడు లయ తప్పితే ఎలా ఉంటుందో, ఒకరి నుంచి ఇంకొకరికి పని మారే చోట శబ్దం అలా గీరుకుంటుంది. దాన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. మార్పిడి దగ్గర ఇద్దరినీ కాసేపు కలిసి పనిచేయమనే రాజీయే క్లాస్ ఏబీ.

వాల్వుల కాలంలో దీని గురించి ఇంత గొడవ లేదు. 1947లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో విలియమ్సన్ ఇచ్చిన 15 వాట్ల డిజైన్‌ని ఎంతోమంది ఇళ్ళల్లోనే తయారుచేసుకున్నారు. అసలు తంటా ట్రాన్సిస్టర్లతో వచ్చింది. 1956లో హెచ్.సి. లిన్ బరువైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేని సర్క్యూట్ చూపించాడు. చవక, తేలిక. 1960ల్లో వచ్చిన చాలా సెట్లు కాగితం మీద బ్రహ్మాండం, ఎందుకంటే కొలతలు ఫుల్ పవర్ దగ్గర తీసేవారు. మనం ఇంట్లో వినేదేమో ఒకటి రెండు వాట్ల దగ్గర! క్రాసోవర్ గీర బాగా బయటపడేది సరిగ్గా అక్కడే. 1969లో జాన్ లిన్స్‌లీ హుడ్ అదే పత్రికలో ఛానెల్‌కి నాలుగే ట్రాన్సిస్టర్లతో 10 వాట్ల క్లాస్ ఏ డిజైన్ ఇచ్చాడు. సోల్డరింగ్ పిచ్చోళ్ళు ఇప్పటికీ దాన్ని కడుతూనే ఉన్నారు. నాకైతే ఈ మొత్తం కథలో ఆయనే హీరో.

1975లో క్వాడ్ 405 ఇంకో దారి పట్టింది. చిన్న క్లాస్ ఏ సర్క్యూట్ నాణ్యత చూసుకుంటుంది, పెద్ద ట్రాన్సిస్టర్లు బరువు మోస్తాయి. 100 వాట్లు!

ఇక క్లాస్ డి. సి తర్వాత వచ్చే అక్షరం డి, అంతే. ట్రాన్సిస్టర్ని స్విచ్చులా టకటకా వేసి తీస్తూ, ఎంతసేపు వేసి ఉంచామన్న దాంట్లో పాటని దాచి, చివర్లో ఫిల్టర్‌తో బయటికి తీస్తారు. 1960ల మధ్యలో క్లైవ్ సింక్లెయిర్ ఈ పద్ధతిలో కిట్లు అమ్మాడు గానీ, అప్పటి ట్రాన్సిస్టర్లకి అంత వేగం లేదు. మాస్‌ఫెట్‌లు వచ్చాక, ఫిలిప్స్‌లో బ్రూనో పుట్జీస్ లాంటివాళ్ళు ఫీడ్‌బ్యాక్‌ని సరిచేశాక, 2000ల నుంచీ ఇది పెద్దింటి సరుకైంది.

అన్నిటికంటే నాకు నచ్చిన ముచ్చట 1985 నాటిది. బాబ్ కార్వర్ తన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ని ఒక ఖరీదైన వాల్వు ఆంప్లిఫయర్‌లా మోగేలా మారుస్తానని 'స్టీరియోఫైల్' పత్రికవాళ్ళతో పందెం కాశాడు. హోటల్ గదిలో కూర్చుని మార్చేశాడు కూడా. ఆ విన్నవాళ్ళు తేడా పట్టలేకపోయారు!

మరి నేనేం కొనాలి? క్లాస్ ఏలో ఛానెల్‌కి 25 వాట్లు కావాలంటే, 25 శాతం సామర్థ్యం లెక్కన, పాట లేకపోయినా 200 వాట్లు కాలుతూనే ఉండాలి. హైదరాబాదులో, మే నెలలో, పది బై పదకొండు గదిలో! "పాటలకి గీజరు కొంటున్నావట్రా?" అంది అమ్మ. హుడ్ గారికి ఒక దణ్ణం పెట్టి ఏ ని పక్కన పెట్టేశాను.

వచ్చే శనివారం నా స్పీకర్లు ఆటోలో వేసుకుని మళ్ళీ అదే షాపుకి వెళ్తున్నాను. ఏబీది ఒకటి, డిది ఒకటి పక్కపక్కన పెట్టి, వాల్యూమ్ మీటరుతో సమానం చేసి, మీద దుప్పటి కప్పి వినిపించమంటాను. ఆ కుర్రాడిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను.