ఇంటి ఈత కొలను: నీటికి నిబంధనలున్నాయి, కంచెకు లేవు

ఇంటి ఆవరణలో ఈత కొలను ఒకప్పుడు సంస్థానాధీశుల భవనాలకూ, పెద్ద హోటళ్లకూ పరిమితమైన వైభవం. ఇప్పుడు నగర శివార్లలోని విల్లాలు, వారాంతాల్లో అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లు దాన్ని మామూలు వసతిగా ప్రకటించుకుంటున్నాయి. గాలి నింపే ప్లాస్టిక్ కొలను మేడల మీదికీ చేరింది. అయితే సొంత ఇంట్లో కొలనుకు వర్తించే నిబంధనలేమిటని అడిగితే, మన దేశంలో ఏదో ఒక చట్టాన్ని చూపించి సమాధానం చెప్పడం సాధ్యం కాదు.

ఇందుకు కారణం రాజ్యాంగంలోనే ఉంది. నీరు, ప్రజారోగ్యం, స్థానిక పాలన మూడూ ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాకు చెందిన అంశాలు. అందువల్ల కొలను యజమాని భవన నిర్మాణ నియమాల కోసం ఒక కార్యాలయానికీ, నీటి కనెక్షను కోసం మరో కార్యాలయానికీ, బోరు బావి కోసం ఇంకొక కార్యాలయానికీ వెళ్లవలసి ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ ప్రచురించే జాతీయ భవన నిర్మాణ స్మృతి మార్గదర్శకం మాత్రమే. రాష్ట్రమో, పురపాలక సంస్థో తన నియమాల్లో చేర్చుకున్న మేరకే దానికి నిర్బంధ స్వభావం వస్తుంది.

ఉన్న నిబంధనల్లో ఎక్కువ భాగం నీటి పొదుపు గురించినవే. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉన్న చిన్న కొలనులో 21,600 లీటర్ల నీరు పడుతుంది. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న ప్రమాణం ప్రకారం అది 160 మంది ఒక రోజు అవసరం. వేసవిలో రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైతే 144 లీటర్లు పోయినట్టే. అంటే ఒక మనిషి వాటా నీరు రోజూ గాలిలో కలిసిపోతుంది.

ఈ లెక్క కరవు కాలంలో ఉత్తర్వుగా మారుతుంది. 2024 మార్చిలో బెంగళూరు నీటి ఎద్దడితో అల్లాడినప్పుడు అక్కడి నీటి సరఫరా బోర్డు ఈత కొలనుల్లో తాగునీటి వాడకాన్ని నిషేధించింది. ఉల్లంఘనకు 5,000 రూపాయల జరిమానా, పునరావృతమైతే రోజుకు 500 రూపాయలు అదనం అని ప్రకటించింది.

తెలుగు రాష్ట్రాల్లో బోరు నీటి విషయంలో ఆధారం 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం. వాల్టాగా ప్రసిద్ధమైన ఈ చట్టం బావుల నమోదును తప్పనిసరి చేసింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకాన్ని నియంత్రించింది. కొలను నింపడానికే బోరు వేయించదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది ఈ సంగతే. కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ 2020 సెప్టెంబరు మార్గదర్శకాలు వ్యక్తిగత గృహావసరాలకు నిరభ్యంతర పత్రం అక్కర లేదన్నాయి కానీ, గృహ సముదాయాలను ఆ మినహాయింపులో చేర్చలేదు.

వాడకుండా వదిలేసిన కొలను దోమలకు నిలయం. ఏడిస్ దోమ గుడ్డు నుంచి పెద్ద దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. ఢిల్లీలో 1975 నుంచే దోమల నివారణ ఉపనియమాలు అమలులో ఉన్నాయి. తామర కొలను పెంచుకునేవారు లార్వాలను తినే చేపలను వదలడం మంచిది.

ఇక ప్రాణ భద్రత. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. పసిబిడ్డ మునిగేటప్పుడు కేకలుండవు, చేతులు కొట్టుకున్న చప్పుడూ ఉండకపోవచ్చు. వేసవి సెలవుల్లో ఇలాంటి వార్త లేకుండా గడిచిన సంవత్సరం ఈ వృత్తిలో నాకు గుర్తు లేదు. ప్రతిసారీ ఇంటివారు చెప్పే మాట ఒకటే: ఒక్క నిమిషం ఏమరుపాటు.

తెరచి ఉంచిన బోరు బావుల చుట్టూ ముళ్ల కంచె, హెచ్చరిక బోర్డు ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. ఇంటి కొలనుకు అలాంటి దేశవ్యాప్త నిబంధన లేదు. ప్రహరీ ఉంది కదా అనుకుంటాం. ప్రహరీ బయటి మనిషిని ఆపుతుంది; ఇంట్లోంచి పాకుతూ వచ్చే బిడ్డను ఆపదు. కంచె ఉండవలసింది ఇంటికీ, కొలనుకూ మధ్య.

సిడ్నీలో ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగువారికి ఈ తేడా అనుభవంలో ఉంటుంది. అక్కడి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1992 నాటి చట్టం ద్వారా 30 సెంటీమీటర్లకు మించి నీరు పట్టే ప్రతి ఇంటి కొలనునూ, గాలి నింపే దానితో సహా, నియంత్రణలోకి తెచ్చింది. కంచె ఎత్తు కనీసం 1.2 మీటర్లు. కింది ఖాళీ పది సెంటీమీటర్లు మించరాదు. తలుపు బయటి వైపుకే తెరుచుకోవాలి, తనంతట తానే మూసుకుని గడియ పడాలి. దగ్గరలో ఎక్కడానికి ఆసరా ఇచ్చే కుర్చీ, పూలకుండీ ఉండకూడదు. ఇంట్లో కొలను ఉంటే, అద్దెకివ్వాలన్నా అమ్మాలన్నా తగిన పత్రం చూపాలి. ఫ్రాన్స్ కూడా 2003లో చట్టం చేసి, కంచె, అలారం, మూత, కప్పుగల నిర్మాణం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కొలనుకు తప్పనిసరి చేసింది.

వీటిలో ఖరీదైనది ఏదీ లేదు. పురపాలక అధికారి అడగకపోయినా కట్టుకోవచ్చు. మోటారుకూ, నీటి అడుగు దీపాలకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చి, దీపాలకు 12 వోల్టులే వాడాలి; కొలనులో విద్యుదాఘాతం గురించి మాట్లాడేవారు తక్కువ. ప్లాస్టిక్ షీటు పరచిన కుంటల్లో పడ్డవారికి ఈత వచ్చినా జారుడు వల్ల గట్టెక్కడం కష్టం. అందుకే వాటిలో తాడో, నిచ్చెనో ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి.

అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన యజమాని బాధ్యత తీరదు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించినట్టు రుజువైతే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం ఐదేళ్ల వరకు జైలు, జరిమానా ఉండవచ్చు. అద్దెకిచ్చే ఫామ్‌హౌస్ యజమానులు ఈ సెక్షనును ఒకసారి చదువుకోవాలి.

ఎవరైనా మునిగితే బయటకు తీసి, శ్వాస లేకపోతే వెంటనే నోటి ద్వారా శ్వాస అందించి, ఆ తరువాత ఛాతీ నొక్కాలి. బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం వల్ల విలువైన సమయం పోతుంది. పక్కనున్నవారు 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయాలి.