బొమ్మమీది ముద్ర

బిడ్డల యాటబొమ్మలమీద నుండవలసిన ముద్రయు హెచ్చరికయు నెట్లు పుట్టినవి, వానిని మనమేల చదువవలెను అనునది నేటి నా ప్రసంగ విషయము.

పూర్వము మన పల్లెలలో బొమ్మకు ముద్ర యక్కఱలేదు. పసివాని నడకబండిని ఊరి వడ్రంగి చేసెడివాడు. మట్టి యెద్దును కుమ్మరి చేసెడివాడు. బండి యంచు గీచుకొని బిడ్డకు గాయమైనచో తల్లి మఱునాడే వాని గుమ్మము చేరి యడుగగలిగెడిది. చేసినవాని ముఖమే ముద్ర, వాని మాటయే పూచీ. దూరదేశపు కర్మాగారములలో యంత్రములు బొమ్మలు చేయ మొదలిడినప్పటినుండి ఆ ముఖము మనకు కనబడకుండ పోయినది.

ఇందుకు జహీరాబాదు దాపున నున్న చిరాగ్‌పల్లిని దృష్టాంతముగ చెప్పెదను. పూనానుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్టణము చేరు 65వ జాతీయ రహదారి కర్ణాటకమును విడిచి తెలంగాణములో ప్రవేశించు సరిహద్దు అది. అచ్చట వాణిజ్యపన్నుల తనిఖీ జరుగుచుండెడిది. లారీ ఆగెడిది, చీటీలు చూచి, సరకు విలువ యెంత, పన్ను చెల్లినదా యని యడిగెడివారు. సరకు బొమ్మలైనచో వాని రంగులో నేమున్నదో విచారించుట ఆ కేంద్రము పని కాదు. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలైన పిమ్మట అట్టి పన్ను తనిఖీలు కూడ ఎత్తివేయబడినవి. కావున బిడ్డ క్షేమమును గూర్చిన తనిఖీ దారిలో జరుగునది కాదు. అది బొమ్మతోడనే ప్రయాణము చేయవలెను. ముద్ర యనగా నదియే.

రంగులో భయపడవలసినది యేమున్నదందురా? సీసమున్నది. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున లాక్‌హార్ట్ గిబ్సను అను నేత్రవైద్యుడు, పిల్లల విచిత్ర వ్యాధులకు ఇండ్ల వసారా కమ్ములకు పూసిన రంగే మూలమని లోకమునకు తెలిపెను. పిల్లలు రంగంటిన చేతులు నోట బెట్టుకొనగా సీసము శరీరమున చేరుచుండెను. అది కొంచెమైనను ఎదుగు మెదడును కుంటుపఱచును. పోయిన తెలివి మరల రాదు. క్వీన్సులాండు ప్రభుత్వము 1922లో, పిల్లల చేతికందుచోట్ల అట్టి రంగును నిషేధించెను. అమెరికాలో ఇంటి రంగులకును బొమ్మలకును ఆ నిషేధము 1978లో గాని రాలేదు. ఆ పిమ్మటనైన బెడద తీరెనా? 2007లో మేటెల్ అను ప్రసిద్ధ సంస్థ చీనాలో చేయించిన బొమ్మలలో సీసము బయటపడగా, లక్షలకొలది బొమ్మలను వెనుకకు తెప్పించుకొనవలసి వచ్చెను.

రెండవ భయము గొంతున నడ్డుపడుట. గోళీలు, చిన్న బంతులు, బుడగలు, చిన్న విడిభాగములు గల బొమ్మలపై హెచ్చరిక యచ్చువేయవలెనని అమెరికా 1994లో శాసనము చేసెను.

మన దేశమున భారత ప్రమాణముల సంస్థ 1947లో వెలసినది. 1952 శాసనముతో ఐ.ఎస్.ఐ. ముద్ర వచ్చినది. ఆ సంస్థ బాధ్యతలు 1987లో భారతీయ ప్రమాణముల బ్యూరోకు సంక్రమించినవి. సిమెంటు బస్తామీద మనము చూచు ఆ ముద్ర బొమ్మలకు నిర్బంధ మగుటకు మాత్రము చాలకాలము పట్టినది. 2020 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ ముత్తరువు చేయగా, అది 2021 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. 14 ఏండ్లలోపు పిల్లల బొమ్మలు, దేశములో చేసినవైనను పైనుండి వచ్చినవైనను, ఈ ముద్ర లేక అమ్మరాదు.

పరీక్షలు ఊరక చేయునవి కావు. అంచులు, మొనలు చూతురు, నిప్పంటునేమో చూతురు. రంగును కడుపులోని యామ్లమును బోలిన ద్రవమున నానబెట్టి, కిలోకు 90 మిల్లీగ్రాములకు మించి సీసము వెలువడరాదని నిర్ణయించిరి. 31.7 మిల్లీమీటర్ల వ్యాసము గల గొట్టములో పూర్తిగ నిముడు భాగము పసివాని గొంతున పడగలదని లెక్కింతురు. అట్టివానిపై ‘3 సంవత్సరములలోపు పిల్లలకు తగదు’ అను హెచ్చరిక యుండును. దీనిని తెలివికి కొలతగా తలచి, ‘మా మనుమడు రెండేండ్లకే గడుసువాడు’ అని కొనిపెట్టువారు కలరు. ఆ సంఖ్య తెలివిని గూర్చినది కాదు, గొంతును గూర్చినది. గడుసువాని గొంతును ఇరుకే.

ఇందొక మినహాయింపు కలదు. హస్తకళల శాఖలో నమోదైన పనివారు తామే చేసి యమ్ము బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మల యధికృత తయారీదారులకును, 2020 డిసెంబరు సవరణచే ఈ ముద్ర యక్కఱలేదు. మన నిర్మల, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు అట్టి గుర్తింపు కలదు. ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱ బొమ్మలకు గింజలు, వేళ్లు, బెరడుల రంగులను తిరిగి నెలకొల్పిన సి.వి. రాజుగారు 2023లో పద్మశ్రీ పొందిరి. అచ్చట చేసినవాని పేరు ఇంకను నిలిచియున్నది. జాతరలో గుట్టపోసి యమ్ము ఊరుపేరులేని ప్లాస్టిక్కు బొమ్మకు ఆ మర్యాద చెల్లదు.

కావున అయ్యలారా, బొమ్మను బేరమాడుటకు ముందు త్రిప్పి చూడుడు. ముద్రపైని ప్రమాణ సంఖ్యయు, క్రింద లైసెన్సు సంఖ్యయు నుండవలెను. మామూలు బొమ్మకు ప్రమాణ సంఖ్య 9873, విద్యుత్తుతో నాడుదానికి 15644. అక్షరములు ఇంగ్లీషైనచో బడికి పోవు మనుమరాలిచేత చదివించుడు. లైసెన్సు నిజమైనదో కాదో ఆమెయే బ్యూరోవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ ద్వారా చేతిఫోనులో చూచి చెప్పగలదు. ముద్ర లేనిచో దుకాణదారుని ఏల లేదని యడుగుడు. పూర్వము వడ్రంగి గుమ్మమున తల్లి యడిగిన ప్రశ్న యిదియే. నేడు దానిని కొనుటకు ముందే యడుగవలెను.