జెండా పండగ: మనం యూజర్లమా, కాంట్రిబ్యూటర్లమా?

స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు నిండాయని 2022 ఆగస్టులో ఇంటిమీద జెండా కట్టి, సెల్ఫీ తీసి, 'హర్ ఘర్ తిరంగా' సైటులోకి ఎక్కించాం కదా. ఆరు కోట్లకు పైగా ఫొటోలు చేరాయట. నేనూ ఎక్కించాను, తప్పేం కాదు. 2002 దాకా మామూలు మనిషికి తన ఇంటిమీద ఏడాది పొడుగునా జెండా ఎగరేసుకునే వీలే లేదు మరి. కానీ సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అయ్యాక ఒక సందేహం మిగిలింది: ఇంతకీ ఇందులో నేను చేసిన పనేంటి?

మా బెజవాడ సంగతే చూడండి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇక్కడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. జనానికి ఒక పని అప్పజెప్పింది: జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, ఇళ్ళలో ఇరవై లక్షల రాట్నాలు. రిక్వైర్‌మెంటూ, డెడ్‌లైనూ రెండూ ఉన్నాయన్నమాట! నిధి కోటి దాటింది.

జెండా కథా అంతే. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్యగారు 1916లోనే జెండా నమూనాలతో పుస్తకం వేశారు. రాట్నం ఉండాలన్నది జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్ ఆలోచన. బెజవాడలో గాంధీగారు అడిగితే వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసిచ్చారు. సమావేశంలో పెట్టే వేళకి అది అందలేదు. ఆ ఆలస్యమే మంచిదైందని, ఆలోచించాక తెలుపు కూడా చేర్చాలనిపించిందని గాంధీగారే తర్వాత రాశారు. అంటే తలా ఒక చెయ్యి వేస్తే తయారైన జెండా అది.

1930లో బందరు కోనేరు సెంటర్లో అదే జెండా కోసం తోట నరసయ్యనాయుడుగారు స్పృహ తప్పేదాకా పోలీసు దెబ్బలు తిన్నారు. ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు?

అప్పటివాళ్ళు కాంట్రిబ్యూటర్లు, మనం యూజర్లం. ఉత్సవమంటే ఎవరో తయారుచేసింది మనం క్లిక్ చెయ్యడమైపోయింది.

అందుకే నాదో చిన్న ప్రతిపాదన. ఈసారి ఊరెళ్ళినప్పుడు, జైలుకెళ్ళినవాళ్ళు, రాట్నం వడికినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరున్నారో పెద్దవాళ్ళని అడగండి. అటకమీద పాత ఉత్తరాలు, తామ్రపత్రాలు ఉంటే ఫొటో తియ్యండి. అచ్చులో ఆధారం దొరికితే తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీలో నాలుగు వాక్యాలు చేర్చండి. ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పుడు తొంభైల్లో ఉన్నారు. జెండా వచ్చే ఆగస్టులోనూ కట్టుకోవచ్చు, వాళ్ళు అప్పటిదాకా ఆగకపోవచ్చు.