దిగుడుబావియు నారికురుపును

దిగుడుబావులు త్రవ్వించిన మన పూర్వులను నేను నిందింపను. కాని ఆ మెట్లమీదనే నారికురుపు ఊరూర వ్యాపించెను. కురుపుగల కాలు నీట మోపగానే పురుగు తన పిల్లలను విడుచును. వానిని సైక్లాప్సను నలుసంత జీవి మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాది తిరుగునప్పటికి కురుపు లేచును. ఈ మార్గమును 1870లో ఫెద్చెంకో అను రష్యా పండితుడు కనుగొనెను. మందు లేదు, టీకా లేదు. నీటిని కాచుటయే చికిత్స.

1983-84 మొదలు ఆరోగ్యోద్యోగులు మన తెలుగుసీమయందును ఇంటింట రోగులను వెదకిరి. బావులను పరీక్షించి మందు చల్లిరి. దిగుడుబావులను చేదబావులుగా మార్పించిరి. నీటిని వడగట్టి త్రాగుడని బోధించిరి. 1996 జూలైలో రాజస్థానమున కడపటి రోగి కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశము విముక్తమైనదని ప్రకటించెను.

బావి త్రవ్వించుట పుణ్యమే; దానిని కనిపెట్టియుండుట అంతకు మించిన పుణ్యమని నా మనవి.