తల్లిపై పడిన నింద

విజయవాడలో గవర్నర్‌పేట, దాని ప్రక్కనున్న సూర్యారావుపేట వైద్యశాలలకు పేరుపడిన పేటలు. కృష్ణా డెల్టా గ్రామములనుండి తల్లిదండ్రులు బిడ్డలనెత్తుకొని ఇచ్చటికి వచ్చుచుందురు. మూడేండ్లు నిండినను మాట రాని బిడ్డను పరీక్షించి, ఇది ఆటిజం అని వైద్యుడు చెప్పినప్పుడు తల్లి తరచుగా “నేనేమి తప్పు చేసితిని?” అని అడుగును. ఈ ప్రశ్నకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో శాస్త్రజ్ఞులకును భాగమున్నది.

పైపెదవి చీలి పుట్టిన బిడ్డకు గ్రహణమొర్రి యని మనవారు పేరు పెట్టిరి. గర్భవతి గ్రహణ సమయమున నియమము తప్పుటవలన అట్లు కలుగునని నమ్మకము. అనగా అవకరమునకు పెట్టిన పేరులోనే తల్లిమీద నేరము మోపబడినది. ఇది మూఢనమ్మకమని మనము త్రోసివేయవచ్చును. కాని ఇట్టి నమ్మకమే మరియొక రూపమున విశ్వవిద్యాలయములలో చాలకాలము చెలామణి యైనది.

1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించుచు ఆటిజంను గురించి వ్యాసము ప్రకటించెను. ఇది పుట్టుకతోనే వచ్చునని అందులో వ్రాసెను. అయినను ఆ తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువయని తలచి, 1949లో వారి ఇండ్ల వాతావరణమును రిఫ్రిజిరేటరుతో పోల్చెను. ఆ పోలిక లోకమంతట పాకినది. 1967లో బ్రూనో బెట్టెల్‌హైమ్ తన గ్రంథములో తల్లిదండ్రులనే బాధ్యులను చేసెను. పిలిచినను పలుకని బిడ్డతో అలసిన తల్లి ముఖమున నవ్వు తగ్గుట సహజము. ఫలితమును చూచి కారణమనుకొనుట ఇక్కడి పొరపాటు.

ఈ నిందను ఎదిరించినవారిలో ముఖ్యుడు ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అమెరికా నౌకాదళమున పనిచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు; ఆయన కుమారునికి ఆటిజం. 1964లో ఆయన గ్రంథము వెలువడినది. పెంపకమే కారణమైనచో ఆ ఇంటనే పెరిగిన తోబుట్టువులు చాలవరకు మామూలుగా ఎట్లున్నారని ఆయన ప్రశ్నించెను. 1965లో తల్లిదండ్రులతో కలిసి ఒక జాతీయ సంఘమును స్థాపించెను. 1969లో ఆ సంఘ సభలోనే కానర్, తల్లిదండ్రులు నిర్దోషులని చెప్పెను. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనువారు 21 కవల జంటలను పరిశీలించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జంటలలో నాలుగింట ఇద్దరికిని ఆటిజం కలదు. వేరువేరు అండములనుండి పుట్టిన 10 జంటలలో ఒక్కదానను అట్లు లేదు. జన్యువుల ప్రాధాన్యము దీనివలన స్పష్టమైనది. తరువాతి పరిశోధనలు దానిని బలపరచినవి.

నింద తొలగినను దుఃఖము వెంటనే తొలగదు. 1962లో సైమన్ ఓల్‌షాన్‌స్కీ, బుద్ధిమాంద్యముగల పిల్లల తల్లిదండ్రుల శోకము దీర్ఘకాలము నిలుచునదనియు, అది మనోవ్యాధి కాదనియు, సహజమైన స్పందన యనియు వ్రాసెను. ఈడు పిల్లలు బడిలో చేరునాడు, తమ్ముడు అన్నను మించి మాటలాడునాడు అది మరల తలయెత్తవచ్చును. అంతమాత్రమున బిడ్డపై ప్రేమ కొరవడినదని కాదు.

మన ప్రాంతమున ఈ దృష్టి సికిందరాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో కనబడినది. రీటా పెషావరియా మొదలగువారు 1990 దశకమున, బిడ్డతోపాటు కుటుంబమునకేమి కావలయునో తెలిసికొనుటకు ప్రశ్నావళిని రూపొందించిరి. 1995లో దేశములోని తల్లిదండ్రుల సంఘములు ‘పరివార్’ అను సమాఖ్యగా ఏర్పడినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజంను ప్రత్యేకముగా పేర్కొన్నది.

కారణము వేరు, దోషము వేరు. మేనరికములలో కొన్ని వంశపారంపర్య లోపములు వచ్చు అవకాశము పెరుగును. అట్టి కుటుంబములు మరల కానుపునకు ముందు వైద్యుని సంప్రదించుట మేలు. కాని సాధారణముగా అట్టి లోపము బయటపడుటకు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి జన్యువు చేరవలెను. కనుక కోడలినొక్కతెనే దెప్పుటకు శాస్త్రమున తావు లేదు. పసితనమున శిక్షణ ఎంత త్వరగా మొదలైన అంత మంచిది. ఇంటివారు నేరమెవరిదని విచారించుచు ఆ దినములను పోగొట్టుకొనరాదు. తల్లి కంటతడి పెట్టినచో పెట్టనిచ్చి, బిడ్డను శిక్షణకు తీసికొనిపోవు పనిలో ఆమెకు తోడు నిలువవలెను.