పైన పని, కింద దారి

మేడ పిట్టగోడ మీద పూలకుండీలు వరసగా పేర్చుకోవడం మనకు సరదా. పడనంతకాలం అది మన ఇష్టమే కదా అనుకుంటాం. పూర్వం రోము నగరంలో అలా అనుకోవడానికి వీల్లేదు. దారిన పోయేవాళ్ల మీద పడే వీలుండేలా ఏదైనా ఎత్తున పెట్టి ఉంచితే చాలు, అది పడకపోయినా సరే, 10 బంగారు నాణేలు జరిమానా! పైనుంచి పారేసింది తగిలి మనిషి ప్రాణమే పోతే 50 నాణేలు. వస్తువు పాడైతే నష్టానికి రెట్టింపు. విసిరింది పనివాడా, ఇంటికొచ్చిన చుట్టమా అన్న వాదన అక్కడ చెల్లదు. ఆ వాటాలో కాపురం ఉన్నవాడే చెల్లించుకోవాలి. అంతస్తు మీద అంతస్తుగా అద్దె ఇళ్లు కిక్కిరిసిన ఊరు మరి!

ఎత్తున పనిచేసేవాళ్ల సంగతీ వాళ్లు మరిచిపోలేదు. చెట్టెక్కి కొమ్మలు నరికేవాడైనా, పరంజా మీద పనిచేసేవాడైనా, కింద దారి ఉంటే ఏదైనా జారవిడిచే ముందు ఒక కేక వెయ్యాలి. అదీ కిందివాడు తప్పుకునే వ్యవధి ఉండగా వెయ్యాలి. వెయ్యకపోతే, జరిగిన ప్రమాదానికి అతనే బాధ్యుడు. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయ సంకలనంలో ఈ మాటలన్నీ ఉన్నాయి. పేవుమెంటు మూయడానికి ఇవాళ మునిసిపాలిటీలో తీసుకునే అనుమతికి ముత్తవ్వ ఈ కేకే అనుకోవచ్చు.

కేక ఒక పల్లెకు సరిపోతుంది. బండ్ల రొద, జనసమ్మర్దం ఉన్న పట్నంలో ఎవరికి వినిపిస్తుంది? పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఊళ్లు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. అందుకే 1847లో అక్కడి పట్టణాల కోసం చేసిన చట్టంలో ఒక నిబంధన పెట్టారు. వీధి పక్కన ఇల్లు కట్టినా, పడగొట్టినా, చుట్టూ చెక్కల కంచె వెయ్యాలి. జాగా ఉంటే ఆ కంచె బయట జనం నడవడానికి చెక్కబాట వేసి, పట్టుకోవడానికి కమ్మీ అమర్చాలి. రాత్రిపూట దీపం పెట్టాలి. చూశారా, దారి మూస్తే చాలదు, ఇంకో దారి చూపించాలి! లండనులో 1855 చట్టం ప్రకారం ఇలాంటి కంచె వేసుకోవడానికి స్థానిక సంఘం నుంచి ముందే లైసెన్సు తీసుకోవలసి వచ్చేది.

ఆ చెక్కల కంచెను ఇంగ్లీషువాళ్లు ఏమన్నారో తెలుసా? హోర్డింగు. నున్నగా, వీధివైపు తిరిగి ఉన్న అంత పెద్ద చెక్కగోడ దొరికితే ప్రకటనలు అంటించేవాళ్లు ఊరుకుంటారా? నాటకాలు, సబ్బులు, మందులు అన్నీ దానిమీదకెక్కాయి. క్రమంగా కంచె సంగతి మరుగున పడి, ప్రకటన బోర్డుకే ఆ పేరు స్థిరపడింది. కూడలిలో మన సినిమా హీరో నిలువెత్తున నవ్వే హోర్డింగు పేరు వెనక ఇంత కథ ఉంది. దారిన పోయేవాడి తలను కాపాడాలని పుట్టిన మాట, వాడి కంటిని లాగే మాట అయింది!

చట్టం ఉన్నా ప్రమాదాలు ఆగలేదు. లివర్‌పూల్‌లో ఒకాయన పిండి వ్యాపారి దుకాణం ముందు నుంచి నడిచి వెళుతుంటే పైనుంచి పిండిపీపా ఆయన మీద పడింది. ఎవరి అజాగ్రత్తో నిరూపించు అన్నారు ప్రతివాదులు. దెబ్బ తగిలి స్పృహ పోయిన మనిషి ఏం నిరూపిస్తాడు? 1863లో పై న్యాయస్థానంలో జడ్జి పొలాక్ ఆ వాదన కొట్టేశారు. ఎవరి నిర్లక్ష్యమూ లేకుండా పీపా దానంతటది గోదాములోంచి దొర్లి పడదు కదా అన్నారు. జరిగిన సంగతే సాక్ష్యం చెబుతుందన్న న్యాయసూత్రానికి ఆ కేసే నేటికీ ఉదాహరణ. పీపా భద్రత చూసుకోవలసింది పైవాడు, కిందివాడు కాదు.

ఇంగ్లండు, వేల్సుల్లో 1980 నాటి రహదారుల చట్టం ఈ బాధ్యతలను ఇంకా వివరంగా రాసింది. వీధిలో పరంజా కట్టాలంటే రహదారుల అధికారుల లైసెన్సు ఉండాలి. అంతకంటే తక్కువ అడ్డంతో పని జరిగే మార్గం ఉంటే లైసెన్సు నిరాకరించవచ్చు. సూర్యుడు అస్తమించిన అరగంట నుంచి, ఉదయించడానికి అరగంట ముందు దాకా పరంజాకు దీపం ఉండాలి.

అదే ఏడాది అమెరికాలో న్యూయార్క్ ఇంకో చట్టం చేసింది. దాని వెనక ఒక తల్లి కడుపుకోత ఉంది. 1979 మేలో ఒక కాలేజీ అమ్మాయి వీధిలో నడుస్తుండగా పాత భవనం పెచ్చు ఊడి మీదపడి చనిపోయింది. ఆ మరుసటేడు నుంచి ఆరంతస్తులు మించిన భవనాల వీధిగోడలకు అయిదేళ్లకోసారి తనిఖీ తప్పనిసరైంది. గోడ ప్రమాదకరమని తేలితే, కింద నడిచేవాళ్లకు చెక్కల పందిరి వెయ్యాలి. మంచిదే. కానీ గోడ బాగు చేయించడం కంటే పందిరి ఉంచుకోవడమే చవక అని కొందరు యజమానులకు తోచింది. పెళ్లయినా పందిరి విప్పని ఇల్లులా, కొన్నిచోట్ల అవి పదేళ్లకు పైగా అలాగే ఉండిపోయాయి. కింద చీకటి, చెత్త. చివరికి 2025లో నగర కౌన్సిలు ఏడాది ఉండే అనుమతి గడువును మూడు నెలలకు కుదించింది.

పేవుమెంటు మూసేస్తే మగపిల్లలు గంతేసి దాటిపోతారు. చంకలో బిడ్డతో, చేతిలో కూరల సంచితో నడిచే ఇల్లాలు, మోకాళ్ల నొప్పుల అత్తగారు మాత్రం బస్సుల మధ్యకు దిగాలి. పైనున్నవాడి తాపీ జారకుండా ఆపినంత మాత్రాన వాళ్లు క్షేమంగా ఉన్నట్టు కాదు. అందుకే అనుమతి కాగితంలో ముఖ్యంగా చూడవలసినవి రెండే. నడిచేవాళ్లకు బదులు దారి ఏది? మూసిన దారి మళ్లీ తెరిచేదెప్పుడు? ఈ రెండూ లేని కాగితం ఇంటి యజమానికి అనుమతి కావచ్చు గాని, వీధిలో వాళ్లకు అది అడ్డుగోడే.