పిలుపు రాని రాత్రి కూడా పనిరాత్రే

రాత్రి రెండు గంటలకు దిండు పక్కనున్న ఫోను మోగుతుంది. ఎక్కడో ఒక సర్వరు ఆగిపోయింది, వెంటనే లేచి చూడాలి. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్న పాఠకులకు ఈ మోత కొత్తది కాదు. రాత్రింబవళ్లు ఇలా పిలుపుకు సిద్ధంగా ఉండే వంతును వారు ‘ఆన్‌కాల్’ అంటారు. లేచి పనిచేసిన గంట పని కిందికి వస్తుందని అందరూ ఒప్పుకుంటారు. పిలుపు రాని రాత్రి సంగతేమిటి? ‘హాయిగా పడుకున్నారు కదా’ అనే మాట వినిపిస్తుంది. ఆ మాట సరైనదేనా అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఆ చరిత్రను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆన్‌కాల్ అన్న మాట కంప్యూటర్లకంటే ముందు మా వైద్యవృత్తిది. క్వార్టర్స్‌లో ఫోను లేని రోజుల్లో వార్డుబాయి ‘కాల్ బుక్’ చంకన పెట్టుకొని వచ్చి తలుపు తట్టేవాడు. డాక్టరు అందులో సమయం వేసి సంతకం చేసి బయలుదేరవలసిందే. పాశ్చాత్య దేశాలలో ఆ వార్డుబాయి పనిని ఒక చిన్న యంత్రం అందుకుంది. అల్ గ్రాస్ అనే ఆవిష్కర్త 1949లో పేజర్‌కు పేటెంట్ పొందాడు. 1950లో న్యూయార్క్ వైద్యులు అటువంటి పరికరాలను మొదటిసారిగా వాడారు. ఇంటికి, ఆసుపత్రికి మధ్య ఉన్న గోడ ఆనాడే పలచబడడం మొదలైంది. పేజర్లు మూలనపడి చాలాకాలమైనా కంప్యూటర్ రంగంలో ఈ విధిని నేటికీ ‘పేజర్ డ్యూటీ’ అనే పిలుస్తారు. పరికరం పోయింది, పిలుపు మిగిలింది.

ఆ పిలుపు కోసం ఎదురుచూసే శరీరం ఎలా నిద్రిస్తుందో తెలిపిన పరిశోధన ఆసుపత్రిలో జరగలేదు, సముద్రం మీద జరిగింది. ఓడల ఇంజన్ గదులు యాంత్రికమయ్యాక రాత్రిపూట అక్కడ మనుషులు ఉండనవసరం లేకపోయింది. ఇంజనీరు తన గదిలో పడుకుంటాడు, ఏదైనా తేడా వస్తే యంత్రమే అలారం మోగించి అతన్ని లేపుతుంది. నేటి సర్వరు కాపలాకు ఇది అచ్చమైన పూర్వరూపం. స్వీడన్ పరిశోధకులు టోర్స్‌వాల్, ఓకెర్‌స్టెట్ ఆ ఇంజనీర్లు నిద్రిస్తుండగా మెదడు తరంగాలను నమోదు చేసి 1988లో ఫలితాలు ప్రకటించారు. వంతు ఉన్న రాత్రుల్లో గాఢనిద్ర, కలలతో కూడిన నిద్ర రెండూ తగ్గాయి, గుండె వేగం పెరిగింది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అలారం మోగకముందు కూడా నిద్ర అలాగే పలచగా ఉంది. మోగుతుందేమోనన్న ఆందోళనే అందుకు చాలింది. దీన్నే మన పెద్దలు ఒక్క మాటలో కోడికునుకు అన్నారు.

న్యాయశాస్త్రం ఈ సంగతిని మరో మార్గంలో చేరుకుంది. జర్మనీలోని కీల్ నగరంలో యేగర్ అనే వైద్యుడికి ఆసుపత్రిలోనే మంచమున్న గది ఇచ్చారు. పిలుపు లేనప్పుడు అతడు నిద్రించే సమయాన్ని విశ్రాంతి కింద లెక్కించారు. ఆ వివాదంలో యూరోపియన్ న్యాయస్థానం 2003లో తీర్పు చెబుతూ, ఆసుపత్రిలో అందుబాటులో ఉన్న కాలమంతా, నిద్రించిన గంటలతో సహా, పనివేళే అని నిర్ధారించింది. ఇంటి దగ్గర ఉండి ఎదురుచూసేవారందరికీ ఈ తీర్పు యథాతథంగా వర్తించదు. అయినా మంచం మీద పడుకున్నంత మాత్రాన మనిషి విశ్రాంతిలో ఉన్నట్లు కాదన్న సూత్రం మాత్రం స్థిరపడింది.

ఇక కంప్యూటర్ల విషయానికి వద్దాం. సంవత్సరాన్ని రెండు అంకెలతో రాసే పాత పద్ధతి వల్ల 2000 సంవత్సరంలో వ్యవస్థలు తడబడతాయని ప్రపంచం భయపడింది. ఆ లోపాన్ని సరిదిద్దిన వారిలో తెలుగు ఇంజనీర్లు కూడా ఉన్నారు. 1999 డిసెంబరు 31 రాత్రి లోకమంతా పండుగ చేసుకుంటుంటే ఎన్నో దేశాలలో సిబ్బంది యంత్రాల ముందు జాగారం చేశారు. పెద్ద ఉపద్రవమేదీ రాలేదు. దాన్ని చూసి ఆ హడావుడంతా వృథా అన్నవారూ ఉన్నారు. ముందే సరిచేయడం వల్లనే ఉపద్రవం తప్పిందన్నది వారికి తట్టలేదు. ఏమీ జరగని రాత్రి వెనుక కూడా ఎవరిదో ఒకరి నిద్ర ఖర్చవుతుంది.

ఆ తరువాత ఇంటర్నెట్ సేవలకు రాత్రి అన్నదే లేకుండా పోయింది. వేసవిలో అమెరికా పశ్చిమ తీరంలో మధ్యాహ్నం ఒంటిగంట అయితే హైదరాబాదులో రాత్రి ఒకటిన్నర. అక్కడి వ్యాపారం జోరుగా సాగే వేళ ఇక్కడి ఉద్యోగి గాఢనిద్రలో ఉండవలసిన వేళ అన్నమాట.

నిద్ర మధ్యలో లేపిన మనిషి వెంటనే పూర్తిగా మేల్కొనడు. నిద్రమత్తు అని మనం వాడుకగా అనే స్థితి శాస్త్రీయంగా కొలవగలిగినదే. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో వెల్లడించిన ప్రకారం, లేచిన మొదటి నిమిషాల్లో ఆలోచనాశక్తి 26 గంటలు నిద్ర లేనివారికంటే కూడా తక్కువగా ఉంది. మొదటి 10 నిమిషాల్లో మత్తు చాలావరకు విడిచినా, దాని జాడలు 2 గంటల దాకా కనిపించాయి.

అలసిన రాత్రి ఏం జరగగలదో గిట్‌ల్యాబ్ సంస్థ తానే లోకానికి చెప్పింది. 2017 జనవరి 31న బాగా పొద్దుపోయాక, రోజు పని ముగించబోతున్న ఒక ఇంజనీరు ముంచుకొచ్చిన సమస్య కోసం ఆగిపోయాడు. ఒక సర్వరులో చెరపవలసిన సమాచారాన్ని మరొక సర్వరులో చెరిపేశాడు. క్షణాల్లో గ్రహించినా, సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. ఆధారపడదగిన బ్యాకప్‌లు పనిచేయలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు దొరికింది. సేవ తిరిగి మొదలవడానికి సుమారు 18 గంటలు పట్టింది. ఆ సంస్థ వ్యక్తిని బోనెక్కించలేదు, వ్యవస్థలో లోపమెక్కడుందని వెతికింది. ఆసుపత్రిలో ఒక మరణాన్ని సమీక్షించేటప్పుడు మేము పాటించవలసిన నియమమూ ఇదే.

పాఠకులారా, మీరు గానీ మీ పిల్లలు గానీ ఇటువంటి ఉద్యోగంలో ఉంటే కొన్ని జాగ్రత్తలు అవసరం. పిలుపు రాగానే దీపం వెలిగించి, లేచి కూర్చుని, ముఖం కడుక్కోండి. మొదటి పది పదిహేను నిమిషాలు వెనక్కు తీసుకోలేని పనేదీ చేయకండి. తప్పనిసరైతే మరొకరిని కూడా చూడమనండి. మత్తు వదలకుండా బండి నడపకండి. నిద్ర చెడిన మరునాడు ఆలస్యంగా పనికి వెళ్లే వెసులుబాటు అడగండి, అది హక్కుగా భావించదగినది. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు వంతు తీసుకునే ముందు తమ వైద్యుణ్ణి సంప్రదించాలి.

పైస్థాయిలో ఉన్నవారికీ ఒక మనవి. ఉదయం దాకా ఆగగలిగిన సమస్యకు రాత్రి గంట మోగకూడదు. గూగుల్ ఇంజనీర్లు 2016లో ప్రచురించిన పుస్తకంలోనే ఒక వంతులో రెండు ఘటనలకు మించకూడదన్న పరిమితి ఉంది. వంతుల పట్టికలో పిలుపుల సంఖ్యను మాత్రమే కాకుండా, పిలుపు కోసం చెవి ఒగ్గి గడిపిన రాత్రులను కూడా లెక్కించండి. యంత్రానికి నిద్ర అవసరం లేదు. దాన్ని కాపలా కాసే మనిషికి మాత్రం అది అన్నంతో సమానం.